బావగారి దగ్గర కొన్న కారు ఆయిల్ తాగేస్తోంది, తప్పు నా గేర్లదా ఇంజిన్‌దా?

ఈసారి వచ్చిన ఉత్తరం కాస్త పెద్దదే. పేరు వద్దన్నారు కాబట్టి పేరు లేదు, విషయం మాత్రం నా మాటల్లో కుదించి చెప్తా.

ఈయన మూడేళ్ల క్రితం సొంత అక్క భర్త దగ్గర ఒక పెట్రోల్ కారు కొన్నారు. మాన్యువల్ గేరు, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. కొన్నప్పుడు మీటర్ మీద 58 వేల కి.మీ., ఇప్పుడు 94 వేలు. మొదటి రెండేళ్లు సర్వీసుకి ఇవ్వడం తెచ్చుకోవడం తప్ప బానెట్ ఎత్తి చూసింది లేదట. ఏడాది క్రితం ఉద్యోగం మారి రోజూ ఒక కొండ ఎక్కి దిగే దారి పడింది. ఒకరోజు మలుపులో ఎర్రటి ఆయిల్ లైటు టక్కున వెలిగి ఆరిపోయింది, ఏదో సెన్సర్ అనుకుని అలాగే ఇంటిదాకా నడిపారు, తర్వాత డిప్‌స్టిక్ (ఇంజిన్‌లో ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి చూస్తే కొసన కూడా తడి లేదు. అప్పటినుంచి దాదాపు ప్రతి 1300 కి.మీ.కి ఒక లీటరు పోస్తున్నారు. బండి కింద చుక్క పడట్లేదు. పొద్దున స్టార్ట్ చేస్తే పొగ లేదు. కానీ కొండ దిగి రోడ్డు చదునుగా అయ్యాక యాక్సిలరేటర్ తొక్కితే వెనక అద్దంలో నీలంగా ఒక పొగ మబ్బు లేచి పోతుంది. దీనికితోడు ఈమధ్య క్లచ్ కూడా జారుతున్నట్టుంది అంటున్నారు.

సలహాలకి మాత్రం కరువు లేదు. ఒక మెకానిక్ రింగులు పోయాయి ఇంజిన్ దించాల్సిందే అన్నాడు, ఇంకో షెడ్డులో చిక్కటి ఆయిల్ పోసేయండి సెట్ అయిపోతుంది అన్నారు, ఆఫీసులో ఒకాయన గేర్‌బాక్స్ ఇంజిన్ ఆయిల్ లాగేస్తోంది అని తేల్చేశారు. బావగారేమో నొచ్చుకున్నారు. "ఏడేళ్లు నడిపా, మధ్యలో ఒక్క చుక్క పోయలేదు, నువ్వే గేర్లు తగ్గించి తగ్గించి ఇంజిన్‌ని ఏడిపిస్తున్నావ్" అన్నారట. ఆ మాట పట్టుకుని ఈయన గేరు మీద దిగడం మానేసి న్యూట్రల్‌లో, బ్రేకుల మీద దిగడం మొదలెట్టారు, ఒక సాయంత్రం కింద దాకా వచ్చేసరికి కాలిన వాసన, బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి పోయిందట. అక్క ఫోన్ చేసి తమ్ముడూ ఏంట్రా ఇది అని బాధపడింది, ఇంట్లో ఆవిడేమో ఎవరికీ ఏం చెప్పకుండా అమ్మేసి వదిలించుకుందాం అంటోంది. అడిగినవి మూడు: తప్పు నా డ్రైవింగ్‌దేనా, బావకి తెలిసే అమ్మాడా, ఇంజిన్ విప్పించాలా?

చూడండి, మీ మూడు ప్రశ్నలకంటే ముందు మీరు అడగని నాలుగోది ఉంది, ఆ బ్రేకుల సంగతి. ఆయిల్ ఎంత తాగినా డబ్బాతో పోసుకోవచ్చు, బ్రేకు పోతే ఏం పోస్తాం. కాబట్టి రేపటినుంచే మళ్లీ గేరు మీద దిగండి. పాత డ్రైవర్లు ఒక మాట చెప్తారు, ఏ గేరులో ఎక్కావో అదే గేరులో దిగు అని, అది ఇప్పటికీ పనికొచ్చే మాటే. న్యూట్రల్‌లో దిగితే బండి బరువంతా నాలుగు చక్రాల దగ్గరున్న బ్రేకులే మోయాలి, అవి వేడెక్కితే ప్యాడ్లకి పట్టు తగ్గుతుంది, ఇంకా వేడెక్కితే లోపలున్న బ్రేక్ ఫ్లూయిడ్ మరుగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ తొక్కితే ఆ బుడగలు నొక్కుకుపోతాయి తప్ప బ్రేకు పట్టదు, మీకు పెడల్ మెత్తగా దిగింది అన్నది చాలావరకు ఇదే. ఆ ఫ్లూయిడ్ గాల్లో తేమని పీల్చుకుంటుంది కూడా. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకోవాలి అని ప్రమాణం, తేమ పట్టాక ఆ ప్రమాణం 155కి దిగిపోతుంది. మీ బండిలో అది చివరిసారి ఎప్పుడు మార్చారో మీ ఉత్తరంలో లేదు, ఒకసారి అంత వేడెక్కింది కాబట్టి ఎప్పుడు మార్చినా సరే ఇప్పుడు మార్పించేయండి, ప్యాడ్లు డిస్కులు కూడా విప్పి చూడమనండి. ఇంకోటి, న్యూట్రల్‌లో పెట్రోల్ ఆదా అనే భ్రమ చాలామందికి ఉంది, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండిలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు పూర్తిగా ఆగిపోతాయి, న్యూట్రల్‌లో అయితే ఐడ్లింగ్ కోసం పెట్రోల్ కాలుతూనే ఉంటుంది.

ఇక బావగారి ఆరోపణ. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, అందుకే మీకు గట్టిగా తగిలింది అనుకుంటా.

పెట్రోల్ ఇంజిన్‌లో గాలి లోపలికి వెళ్లే దారిలో థ్రాటిల్ అనే ఒక రేకు తలుపు ఉంటుంది. మీరు మూడో గేరులో కొండ దిగుతూ కాలు తీసేశారనుకోండి, తలుపు మూసుకుంది, కానీ చక్రాలు ఇంజిన్‌ని తిప్పుతూనే ఉన్నాయి, 3000 ఆర్‌పీఎం దాకా కూడా. పిస్టన్లు గాలి కోసం లాగుతాయి, గాలి రాదు, లోపల వ్యాక్యూమ్ పెరిగిపోతుంది. బయట గాలి ఒత్తిడి దాదాపు 100 కిలోపాస్కల్ అయితే ఐడ్లింగ్‌లో లోపల 30, 40 మధ్య ఉండొచ్చు, ఇలా గేరు మీద దిగేటప్పుడు 20 దగ్గరికి కూడా పడిపోతుంది. అంత పీల్పు ఉన్నప్పుడు ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి ఆయిల్ వస్తుంది, పిస్టన్ రింగుల పక్కనుంచి కానీ, సిలిండర్‌లోకి గాలి రాకపోకల కోసం తెరుచుకుని మూసుకునే వాల్వుల కాడల చుట్టూ ఉండే రబ్బరు సీళ్ల దగ్గర్నుంచి కానీ. అప్పుడు పెట్రోల్ రావట్లేదు కాబట్టి మంటా లేదు, ఆయిల్ అలా లోపల చేరుతూ ఉంటుంది, కిందికొచ్చి మీరు యాక్సిలరేటర్ తొక్కగానే మంట అంటుకుని చేరిందంతా ఒక్కసారి కాలుతుంది. మీ అద్దంలో కనిపించే నీలం మబ్బు అదే. ఆటోమేటిక్ బండ్లలోనూ ఇది జరగొచ్చు కానీ వాటిల్లో చాలావరకు డ్రైవర్ ఇలా పదే పదే గేరు తగ్గించడు కాబట్టి అంతగా బయటపడదు, మాన్యువల్ నడిపేవాళ్లకే ఎక్కువ కనిపిస్తుంది. (డీజిల్ వాళ్లు కంగారు పడకండి, మామూలు డీజిల్ ఇంజిన్ ఇలా థ్రాటిల్ మూసి నడవదు, అక్కడ లెక్క వేరు.)

అయితే బాగున్న ఇంజిన్ కూడా ఇదే వ్యాక్యూమ్‌ని రోజూ భరిస్తుంది, మహా అయితే చుక్క ఎక్కువ తాగుతుంది. సందు ముందే ఉంటేనే లీటర్లు పోతాయి. మీ కాలు ఆ సందుని బయటపెట్టింది, చేయలేదు. ఎక్కువ ఆర్‌పీఎంలో నడిపితే వాడకం పెరుగుతుంది అన్నది కూడా నిజమే, మీరు రెండో గేరులో ఇంజిన్ అరిచేలా పట్టుకుంటుంటే మూడోది చాలేమో చూసుకోండి. అలాగని భయపడి ఎప్పుడూ పై గేరులోనే గునగునా లాగిస్తూ నడపడం ఇంకో తప్పు, ఇంజిన్ ఎప్పుడూ సరిగ్గా వేడెక్కక, ఊపిరాడక, లోపల మసి పేరుకుంటుంది.

ఈ మసి మాట దగ్గరే మీ రెండో ప్రశ్నకి వస్తా, ఎందుకంటే నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇదే. బావగారు ఏడేళ్లలో 58 వేలు నడిపారు, అంటే ఏడాదికి 8 వేల పైచిలుకు. ఇల్లు, ఆఫీసు, పిల్లల స్కూలు, అన్నీ మూడు నాలుగు కి.మీ. లోపే అని మీరే రాశారు. మీరు చూసిన సర్వీసు పుస్తకంలో రెండు చోట్ల ఆయిల్ మార్పుల మధ్య ఏడాదిన్నర దాటిన గ్యాపులున్నాయి. ఇలాంటి వాడకంలో ఇంజిన్ వేడెక్కేలోపే ఆగిపోతుంది. చల్లటి ఇంజిన్‌కి ఎక్కువ పెట్రోల్ కావాలి, అందులో కొంత కాలకుండా సిలిండర్ గోడల వెంబడి జారి కింద ఆయిల్‌లో కలుస్తుంది, తేమ కూడా కలుస్తుంది. అంటే ఒక పక్క ఆయిల్ కాలిపోతున్నా ఇంకో పక్క పెట్రోల్ వచ్చి చేరుతోంది, డిప్‌స్టిక్ మీద గీత దాదాపు కదలదు! ఆయన "చుక్క పోయలేదు" అన్నది అబద్ధం అయ్యుండక్కర్లేదు. అదే బండిని మీరు రోజూ పెద్ద దారిలో బాగా వేడెక్కేలా నడిపారు, కలిసిన పెట్రోల్ అంతా ఆవిరైపోయి అసలు మట్టం బయటపడింది. కొత్తగా లాంగ్ డ్రైవ్‌లు మొదలెట్టిన చాలామంది ఇంతే, నిన్నటిదాకా బాగుంది ఒక్క ట్రిప్పులో లీటరు ఎలా పోయింది అని నెత్తి పట్టుకుంటారు.

పైగా ఆ పలచబడిన, పాతబడిన ఆయిలే రింగుల్ని పాడుచేస్తుంది. పిస్టన్‌కి మామూలుగా మూడు రింగులు, పై రెండూ ముఖ్యంగా గ్యాస్‌ని ఆపేవి, మూడోది ఆయిల్ రింగు, సిలిండర్ గోడ మీద ఆయిల్‌ని గీకి కిందికి పంపేది. దాని వెనక పిస్టన్‌లో చిన్న చిన్న కన్నాలుంటాయి, గీకిన ఆయిల్ వాటిలోంచే తిరిగి కిందికి పోవాలి. ఆయిల్ మార్పు ఆలస్యమైతే ఆ కన్నాలు జిగురుతో, మసితో పూడిపోతాయి, రింగు గాడిలో బిగుసుకుపోతుంది, అది అరిగిపోయినట్టు కాదు, ఇరుక్కుపోయినట్టు. మైలేజీ కోసం ఈకాలం ఇంజిన్లలో రింగుల బిగువు కూడా తక్కువే పెడుతున్నారు, కొంచెం మసికే పని మానేస్తాయి. కాబట్టి బీజం బావగారి చేతుల్లోనే పడి ఉండొచ్చు, ఆయనకి తెలియకుండానే. ఇక మీ వంతు, రెండేళ్లు డిప్‌స్టిక్ ముట్టలేదు అని మీరే రాశారు, ఆ రెండేళ్లలో ఎన్నిసార్లు అడుగంటిందో ఎవరికి తెలుసు. ఆ ఎర్ర లైటు ఆయిల్ తగ్గిందని చెప్పేది కాదండీ, ప్రెజర్ పోయిందని చెప్పేది, మలుపులో ఆయిల్ ఓ పక్కకి ఒరిగి పంపు గాలి పీల్చినప్పుడు అలా వెలిగి ఆరుతుంది. మళ్లీ ఎప్పుడైనా వెలిగితే పక్కకి తీసి ఇంజిన్ ఆపడమే, ఇల్లు పది నిమిషాల దూరమే అయినా సరే.

గేర్‌బాక్స్ లాగేస్తోంది అన్న ఆఫీసాయన సంగతి. కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్ వేరు, ఇంజిన్ ఆయిల్ వేరు, రెండిటి మధ్యా పొడిగా తిరిగే క్లచ్ ఉంటుంది. బైకుల్లో చాలావాటికి ఇంజిన్‌కి, క్లచ్‌కి, గేర్లకి అన్నిటికీ ఒకటే ఆయిల్, అక్కడినుంచి వచ్చిన అపోహ ఇది. కార్లలో అలా లేనే లేదా అంటే, 1959లో వచ్చిన మొదటి మినీ కారు అలాంటిదే, గేర్‌బాక్స్‌ని ఇంజిన్ కింద ఆయిల్ సంప్‌లోనే కూర్చోబెట్టారు, రెండిటికీ ఒకే ఆయిల్. మీది అది కాదు కదా! కానీ ఆయన మాటని పూర్తిగా కొట్టిపారేయను, మీ క్లచ్ జారుతోంది అన్నారు కాబట్టి. ఇంజిన్ వెనక వైపు, ఫ్లైవీల్ దగ్గర, పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంక్ షాఫ్ట్, బయటికొచ్చే చోట ఒక పెద్ద సీలు ఉంటుంది, రియర్ మెయిన్ సీల్ అంటారు. అది కారితే ఆయిల్ క్లచ్ ఉండే గూట్లోకి పడుతుంది, ప్లేటు తడిస్తే జారుతుంది, అంతా లోపలే జరిగేసరికి నేల మీద మరక పెద్దగా కనపడకపోవచ్చు. బండి ర్యాంపు మీద ఎత్తించి ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట అడుగున చూడమనండి, తడిగా ఉందా, వేలికి అంటిన దాని వాసనేంటి అని. గేర్ ఆయిల్‌కి గంధకం లాంటి ఘాటు వాసన వస్తుంది, ఇంజిన్ ఆయిల్‌కి ఆ ఘాటు ఉండదు, నల్లగా ఉంటుంది. అది గేర్ ఆయిలే అయితే కారేది గేర్‌బాక్స్ ముందువైపు సీలు, దానికీ మీ లీటర్లకీ సంబంధం లేదు. ఒకవేళ క్లచ్ ప్లేట్లు మార్చాల్సి వస్తే ఎలాగూ గేర్‌బాక్స్ దించుతారు, అప్పుడే ఆ రియర్ సీలు కూడా మార్పించేయండి, తర్వాత దాని ఒక్కదాని కోసం మళ్లీ అంతా దించడం శుద్ధ దండగ.

మొత్తం లీటరు అటే పోతోందా అంటే అనుకోను. 1300 కి.మీ.కి లీటరంటే 1000కి ముప్పావు లీటరు, కిలోమీటరుకి దాదాపు పదిహేను చుక్కలు, అంత కారితే బండి కింద రేకంతా తడిసిపోతుంది. అందులో చాలాభాగం కాలుతోంది అనే నా నమ్మకం, ఆ నీలం మబ్బు కూడా అదే చెప్తోంది. మామూలుగా నడిపేటప్పుడు పొగ ఎందుకు కనపడదు అంటే, ఆ చుక్కలు వేల మంటల మధ్య పంచుకుని కాలతాయి, కంటికి ఆనవు.

ఇప్పుడు ఇంజిన్ విప్పాలా. వెంటనే వద్దు. నేనొకసారి ఇదే తొందరలో, ఒక పాత బండికి, హెడ్ విప్పించి వాల్వ్ సీళ్లన్నీ మార్పించా, తీరా చూస్తే ఆయిల్ వాడకం అంతే ఉంది, అసలు దోషి చిటికెన వేలంత పీసీవీ వాల్వ్. ఇంజిన్ కింద చేరే గ్యాసుల్ని మళ్లీ గాలి దారిలోకి పంపేది అది. తెరుచుకుని ఇరుక్కుంటే ఆయిల్ ఆవిరిని అదేపనిగా ఇంజిన్‌లోకి పీల్పిస్తుంది, పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ని సీళ్లలోంచి తోస్తుంది, ఇందాకటి రియర్ సీల్‌తో సహా. మీ బండిలో ఈ రెండు బాధలూ కలిసి కనిపిస్తున్నాయి కాబట్టి నేనైతే మొదట దీని మీదే చెయ్యి వేస్తా. చిన్న సామాను, చాలా ఇంజిన్లలో పెద్దగా ఏమీ విప్పకుండానే మారిపోతుంది. దానితోపాటు ఆ పైపులు కూడా పగిలాయేమో చూడాలి.

దానికన్నా ముందు కొలత. మీ 1300కి లీటరు అన్నది అంచనాలాగా ఉంది, కొలిచిన లెక్కలా లేదు. ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేయించండి, చదును నేల మీద, ఇంజిన్ ఆపి ఒక పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ పెట్టి తీసి, సరిగ్గా పై గీత దాకా పోయండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. ప్రతి రెండు వందల కి.మీ.కి అదే చోట, అదే పద్ధతిలో చూసి ఒక పుస్తకంలో రాయండి, కొలత గీతలున్న డబ్బాతో పోయండి, 1000 దాటాక ఎంత పట్టిందో లెక్క తేలుతుంది. చాలా బండ్లలో కింది గీతకీ పై గీతకీ తేడా ఒక లీటరు దగ్గర్లో ఉంటుంది, మీది మాన్యువల్‌లో చూసుకోండి. ఎక్కువ పోస్తే మంచిదే కదా అని పై గీత దాటించొద్దు, క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ పీసీవీ దారిన పోయి ఇంకా ఎక్కువ కాలుతుంది. ఒక మాట ముందే చెప్తున్నా, మీరు కంపెనీ మాన్యువల్ తీస్తే 1000 కి.మీ.కి లీటరు దాకా మామూలే అని ఉండొచ్చు, చాలా కంపెనీలు అలా రాస్తాయి, మీ లెక్క దాని లోపలే వస్తుంది. నా దృష్టిలో ఆ అంకె వారంటీ గొడవల్లో కంపెనీ పట్టుకునే గొడుగు, ఇంజిన్ ఆరోగ్యానికి సర్టిఫికెట్ కాదు.

తర్వాత నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పించి వరసగా పెట్టి ఫోటో తీయండి, ఏది ఏ సిలిండర్‌దో గుర్తుపెట్టి. ఒకటి మాత్రమే తడిగా నల్లగా ఉంటే ఆ ఒక్క సిలిండర్ రోగం, నాలుగూ ఒకేలా ఉంటే అన్ని చోట్లా రింగులో, లేదా పీసీవీనో. కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్ ఎంత ఒత్తిడి పట్టి ఉంచుతోందో కొలవడం, చేస్తామంటారు, చేయించండి, పొడిగా ఒకసారి, సిలిండర్‌లో చిన్న స్పూను ఆయిల్ వేసి ఒకసారి. రెండోసారి అంకె బాగా పెరిగితే రింగుల దగ్గర లీకు అని అర్థం. కానీ ఇక్కడే చాలా షెడ్లలో పొరపడతారు, కంప్రెషన్ బాగుంది కాబట్టి రింగులు బాగున్నాయి అనేస్తారు, కంప్రెషన్ చెప్పేది పై రెండు రింగుల సంగతి, ఇరుక్కున్న ఆయిల్ రింగు ఆ టెస్టులో దొరకదు. దానికన్నా ప్లగ్ కన్నంలోంచి సన్నటి కెమెరా పెట్టి చూస్తే మేలు, పిస్టన్ నెత్తిన అంచు చుట్టూ కడిగినట్టు శుభ్రంగా ఉంటే ఆయిల్ రింగుల పక్కనుంచి వస్తోంది, ఇంటేక్ వాల్వ్ వీపు తడిగా బంకగా ఉంటే సీళ్లు. కొండ దిగాక వచ్చే పొగని సాధారణంగా వాల్వ్ సీళ్లకి కడతారు, అయితే సీళ్లు పోతే రాత్రంతా కారి పొద్దున స్టార్టింగ్‌లో కూడా కొంచెం పొగ రావాలి, మీకు అది లేదు. ఆ పాత సర్వీసు గ్యాపులతో కలిపి చూస్తే నాకు ఇరుక్కున్న ఆయిల్ రింగుల మీదే అనుమానం ఎక్కువ. చూడకుండా చెప్తున్నా కాబట్టి అనుమానం దగ్గరే ఆపుతా.

ఇక మీ ముందున్న దారులు. పీసీవీ మార్చి, మంచి ఆయిల్ వేసి, ఆయిల్ మార్పుని మాన్యువల్‌లో చెప్పినదానికి సగం దూరంలోనే చేసేస్తూ ఒక ఆరు నెలలు చూడటం అన్నిటికంటే తేలికైనది. మాన్యువల్ ఒప్పుకుంటే 5డబ్ల్యూ-30 బదులు 5డబ్ల్యూ-40 (డబ్బా మీద రాసే ఈ అంకెలు ఆయిల్ చిక్కదనాన్ని చెప్తాయి) వేయొచ్చు, కొంత తగ్గొచ్చు. ఆ షెడ్డాయన చెప్పిన 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటిది మాత్రం మాన్యువల్‌లో లేకపోతే వద్దు, చలి స్టార్టింగ్‌లో పైదాకా చేరడం ఆలస్యమవుతుంది, వాల్వ్ టైమింగ్ మార్చే సన్నని దారులున్న ఇంజిన్లకి అది ఇంకా ఇబ్బంది. ఆయిల్ డబ్బాల వెనక వివరాల్లో నోయాక్ అని ఒక అంకె ఉంటే చూడండి, 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే ఎంత శాతం ఆవిరైందో చెప్తుంది, తక్కువున్నది మేలు.

దాంతో తగ్గకపోతే ప్లగ్ కన్నాల్లోంచి మసి కరిగించే ద్రావకం పోసి రాత్రంతా నానబెట్టే పద్ధతి ఉంది. ఇరుక్కున్న రింగులు కొన్నిసార్లు వదులుతాయి, కొన్నిసార్లు ఏమీ కాదు. చేయిస్తే తెలిసినవాళ్లతోనే చేయించండి, స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసేసి ఉంచే ఇంజిన్ తిప్పి మిగిలిన ద్రవమంతా బయటికి పోనివ్వాలి, లేదంటే ద్రవం నొక్కుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఆ వెంటనే ఆయిల్ కూడా మార్చేయాలి. ఆయిల్‌లో కలిపి పదిహేను నిమిషాలు నడిపే ఫ్లష్‌లు మీ బండిలాంటి చరిత్రకి నాకు ఇష్టం లేదు, పేరుకున్న మడ్డి పెళ్లలుగా ఊడి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడితే అసలుకే మోసం.

వాల్వ్ సీళ్లే అని తేలితే మీ అదృష్టం, చాలా ఇంజిన్లలో హెడ్ దించకుండానే సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి పెట్టి వాల్వులు జారిపోకుండా నిలబెట్టి మార్చేస్తారు. రింగులే అయితే ఇంజిన్ పని పెద్దదే, బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, అరిగిందా లేదా కొలవకుండా ఉత్త రింగులు మార్చి ఇచ్చేస్తామంటే ఒప్పుకోకండి, బోరు అరిగి ఉంటే కొత్త రింగులు సరిగ్గా కూర్చోవు, మళ్లీ అదే కథ. ఆ ఖర్చుకీ బండి విలువకీ పొంతన ఉందా అనేది మీ లెక్క.

ఏమీ చేయకుండా పోసుకుంటూ నడిపేస్తా అన్నా నేను తప్పనను, చాలామంది ఏళ్ల తరబడి అలాగే నడుపుతారు, డిక్కీలో ఎప్పుడూ ఒక లీటరు డబ్బా, రెండు వందల కి.మీ.కోసారి డిప్‌స్టిక్. దాని మూల్యం నెమ్మదిగా వస్తుంది, ప్లగ్గులు తొందరగా పాడవుతాయి, ఆయిల్‌లో ఉండే ఫాస్ఫరస్, జింక్ కాలి పొగ గొట్టంలో విషవాయువుల్ని తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్‌ని మెల్లగా చంపుతాయి, పొల్యూషన్ టెస్ట్ ఒకరోజు ఫెయిలవుతుంది. మీరు మతిమరుపు మనిషినని మీరే రాసుకున్నారు, ఈ దారి ఎంచుకునే ముందు ఆ సంగతి ఆలోచించుకోండి.

అమ్మడం. అమ్మండి, కానీ మీ ఆవిడ చెప్పినట్టు చెప్పకుండా కాదు. ఇప్పుడు మీరు బావగారిని ఏ అనుమానంతో చూస్తున్నారో రేపు ఇంకొకాయన మిమ్మల్ని అదే అనుమానంతో చూస్తాడు, తేడా ఏంటంటే బావగారికి బహుశా తెలీదు, మీకు తెలుసు. పైగా నిన్న ఫుల్ చేసిన ఆయిల్ చూసి కొన్నవాడు నాలుగు వేల కి.మీ. చూడకుండా నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది, అది నడిరోడ్డు మీద కూడా జరగొచ్చు. కొలత పుస్తకం చేతికిచ్చి ఇంతే తాగుతుంది అని చెప్పి, ధర తగ్గించి అమ్మితే కొనేవాళ్లు దొరుకుతారు.

బావగారితో మాట్లాడేటప్పుడు మీరు తెలిసే అమ్మారా అని మొదలెట్టకండి, ఆ మాటకి ఎవరైనా కోటగోడ కట్టుకుంటారు. కొలత పూర్తయ్యాక వెళ్లండి, ఫోన్‌లో కాదు. "బావా, నువ్వు నడిపినప్పుడు కనపడకపోవడానికి ఇదీ కారణమట, నేనూ రెండేళ్లు చూసుకోలేదు" అని ముందు మీ తప్పు మీరు ఒప్పుకుంటే ఆయనకి తన సర్వీసు గ్యాపుల సంగతి ఒప్పుకోవడానికి చోటు దొరుకుతుంది. ఖర్చులో వాటా అడగాలా వద్దా అనేది నేను చెప్పలేను, కొనేటప్పుడు బయటి రేటుకే కొన్నారా, బావమరిది అని తగ్గించి ఇచ్చారా అన్నది మీ ఉత్తరంలో లేదు. తగ్గించి ఇచ్చి ఉంటే నేనైతే అడగను. వీలైతే ఒకసారి ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని మీ కొండ దారి దిగండి, మీరు మూడో గేరులో ఎంత బుద్ధిగా దిగుతున్నారో ఆయనే చూస్తారు, కిందికొచ్చాక అద్దంలో ఆ మబ్బు కూడా చూస్తారు.

వెయ్యి కి.మీ. లెక్క తేలాక ఆ అంకె, ప్లగ్గుల ఫోటో, క్లచ్ గూడు అడుగున తడి ఉందో లేదో, ఈ మూడూ రాసి పంపండి, అప్పుడు రింగులా సీళ్లా అన్నది ఇంకొంచెం గట్టిగా చెప్తా. బ్రేక్ ఫ్లూయిడ్‌కి మాత్రం ఆ వెయ్యి దాకా ఆగొద్దు.